అరవై దాటిన తరువాత అందిన అక్షరం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు సంవత్సరాలుగా ఈ పాఠశాల పిల్లలకు అక్షరాలు నేర్పుతూ వచ్చినది. ఇటువంటి పండుగనాడు పిల్లల మాట చెప్పుకోవడం పరిపాటి. ఈ ప్రసంగం మాత్రం ఆ పిల్లలను ఉదయం బడి గేటు వరకు తెచ్చి విడిచి, సాయంత్రం మరల తీసుకొనిపోయే అవ్వలను, తాతలను గురించినది.

2018లో కేరళ రాష్ట్రం, అలప్పుళ జిల్లాకు చెందిన కార్త్యాయనీ అమ్మ తన 96వ ఏట అక్షరాస్యతా పరీక్ష వ్రాసి నూటికి 98 మార్కులు పొందినారు. బాల్యంలో బడి ముఖం చూడలేదు. గుళ్లలో ఊడ్చే పని చేసి బిడ్డలను పెంచినారు. కుమార్తె పెద్ద వయసులో పదవ తరగతి స్థాయి పరీక్ష నెగ్గడం చూసి ఆమెకూ కోరిక కలిగినదట. 2020లో నారీశక్తి పురస్కారం అందుకొని, 2023 అక్టోబరులో 101వ ఏట కన్నుమూసినారు. ఆ మార్కులు మెచ్చుకోదగినవే. కాని మార్కులు వచ్చిన మరునాడు ఆ చేతికి ఏ పుస్తకం అందాలన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

హోసూరు ప్రాంతపు తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్నకు మరొక మెలిక ఉన్నది. ఇంట మాట్లాడేది తెలుగు. బస్సు మీది బోర్డు తమిళం. సరిహద్దు దాటితే కన్నడం. పాతతరంలో బడికి పోయిన పలువురు తమిళమో కన్నడమో చదివినారు, పోనివారు ఏదీ చదవలేదు. నోటినిండా సామెతలు, పాటలు, కథలు గల మనిషికి తన భాషే అచ్చులో కనబడితే పరాయిదైపోతున్నది.

ఈ బడిలో చదివిన ఒక బాలుని అవ్వ ఉన్నారు. సభలో పేరు చెప్పించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. పుట్టినది కుప్పం వైపు, మెట్టినది హోసూరు దగ్గరి పల్లె. మనవడి పలక మీద అక్షరాలు దిద్దడం మొదలుపెట్టే నాటికి ఆమెకు అరవై రెండేళ్లు. వారం దినాలకే తన తలకు ఎక్కడం లేదని పలక పక్కన పెట్టినారు. తప్పు తలది కాదు, చత్వారానిది. నలభై దాటిన తరువాత కంటి కటకం బిగిసి, దగ్గరి అక్షరం మసకబారడం ప్రకృతి ధర్మం. బజారులో కొన్న ఒక జత కళ్లద్దాలతో ఆ చిక్కు తీరినది. బుద్ధి మందగించినదని తమను తాము నిందించుకొంటూ, ఒక జత అద్దాల దూరంలో ఆగిపోయిన పెద్దలు ఎందరో!

గుణింతాల వరకు సాఫీగా సాగిన బండి వత్తుల దగ్గర దిగబడినది. మనవడు ఆమె చేత ఒక్కొక్క వత్తును ఇరవై సార్లు వ్రాయించినాడు. చిన్న పంతుళ్లు పెద్ద పంతుళ్ల కంటె కఠినులు. తరువాత వాడే బడి గ్రంథాలయం నుండి చందమామ పాత సంపుటాన్ని మోసుకొనిపోయినాడు. 1947లో మద్రాసు నుండి వెలువడనారంభించిన ఆ మాసపత్రిక ఇప్పుడు రావడం లేదు గాని, దాని పాత సంచికలు చేసే పని ఇంకా మిగిలియున్నది. అవ్వకు అందులోని కథలు కొన్ని చిన్ననాడే చెవిన పడినవి. కథ ముందే తెలిసిన చోట అక్షరం త్వరగా లొంగుతుంది.

ఏడాది గడిచిన పిమ్మట ఆమె పెట్టె అడుగున ఉన్న పోస్టుకార్డులు తీసినారు. పుట్టింటి నుండి అన్నగారు వ్రాసినవి. వచ్చిననాడు భర్త చదివి వినిపించేవారు, ఆమె వినేవారు. ఒక కార్డులో, తల్లికి జబ్బు ముదిరినదని, ఒక్కసారి వచ్చి చూచిపొమ్మని తల్లి అడుగుతున్నదని ఉన్నది. ఆ వాక్యం ఆమె ఎన్నడూ వినలేదు. అందరూ క్షేమమనే విన్నారు. అప్పుడు రాగి కోతల కాలం, చేతులు చాలవు. తల్లి ఆ నెలలోనే పోయినది. భర్తను అడుగుదామంటే ఆయన గతించి నాలుగేళ్లు. రెండు దినాలు ఆమె ఎవరితోను మాట్లాడలేదు. మూడవనాడు మిగిలిన కార్డులన్నీ తేదీల వరుసన పేర్చుకొని, ఒక్కటీ విడువక చదివినారు. ఆయన చెడ్డవాడు కాడని, కోత ముంచుకొచ్చినదని కోడలితో అన్నారట. అన్నారే గాని, ఆనాటి నుండి తనకు వచ్చిన కాగితాన్ని మరొకరి చేతికి ఇవ్వలేదు.

అక్షరం ఇటువంటి పనులు చేస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్యా కేంద్రానికి వచ్చిన స్త్రీలు పాఠ్యపుస్తకంలో సారా మీద పోరాడిన మహిళల కథ చదివి, తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించినారు. ఆ కదలిక రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసినది.

అవ్వ ఉద్యమాలేవీ చేయలేదు. నవలలు చదవడం మొదలుపెట్టినారు. పొయ్యి మీద పాలు పొంగిన దినాలున్నవని కోడలి ఫిర్యాదు. నచ్చని నాయికను పేరు పెట్టి తిడతారు. మనవడికి మాత్రం రాత్రిపూట గట్టిగా చదివి వినిపిస్తారు. 2006 నాటి చట్టం వలన తమిళనాడు బడులలో ఒకటవ తరగతి మొదలు తమిళం క్రమంగా తప్పనిసరి అయినది. ఈ నేల మీద బ్రతికే పిల్లలకు అది కావలసినదే. కాని తెలుగుకు బడిలో దొరికే గంటలు తగ్గినప్పుడు, ఆ లోటు కొంతైనా ఇంట పూడవలెను. ఆ ఇంట చదివే పెద్ద ఉంటే పిల్లవానికి వేరే ఉపదేశం అక్కరలేదు.

1931లో మన్నార్గుడి పరిసర పల్లెలకు ఎడ్లబండి మీద పుస్తకాలు వెళ్లినవి. ఆ ప్రయత్నం వెనుక రంగనాథన్ గారున్నారు. ఇక్కడ బండి అక్కరలేదు, పెద్దలే దినమూ గేటు వరకు వస్తున్నారు. ఈ నెల నుండి శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు గ్రంథాలయం వారి కొరకు తెరచియుంటుంది. బల్ల మీద మూడు జతల కళ్లద్దాలు ఉంటవి. ఒక మనవి: రెండు భాగాల నవలలో రెండవ భాగం తీసుకొనిపోయినవారు దయచేసి తిరిగి ఇవ్వగలరు. అవ్వ రెండు నెలలుగా అడుగుతున్నారు.