పెట్టె మీద వ్రాసిన ఆయుష్షు

ఈ ఉదయము మీతో పంచుకోదలచిన సంగతి మందిరములోది కాదు, మీ ఇంటి దూలానికి వేలాడుతున్నది. మండవల్లి వైపు నుండి ఒక సహోదరి ఉత్తరము వ్రాశారు. ఆమె కొన్న ఎల్ఈడీ బల్బు పెట్టె మీద 25,000 గంటలు అని ఉందట. రెండవ క్రిస్మస్ రాకముందే ఆ బల్బు పోయింది. "అయ్యగారూ, అబద్ధము పెట్టె మీద ఉందా, లోపము మా ఇంట్లో ఉందా?" అని అడిగారు.

చిన్న ప్రశ్న అనుకోకండి. రోజు కూలిలోనుండి తీసి బల్బు కొనేవారికి అది చిన్నది కాదు. రాత్రి పెరట్లోకి వెళ్ళే వృద్ధురాలికి, పదవ తరగతి పుస్తకము ముందు వేసుకుని కూర్చున్న బిడ్డకు ఆ బల్బు అవసరము. పైగా ఒకడు అంకె వేసి మాట ఇచ్చినప్పుడు, ఆ మాటకు అర్థమేమిటో తెలుసుకునే హక్కు కొన్నవారికి ఉంది.

ముందు లెక్క వేద్దాము. రోజుకు ఐదు గంటలు వెలిగిస్తే 25,000 గంటలంటే 5,000 రోజులు, అంటే పదమూడేళ్ళ ఎనిమిది నెలలు. ఈ రోజు ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు డిగ్రీ చదివేదాకా అదే బల్బు క్రింద చదువుకోవాలి! అలా జరిగిన ఇల్లు మీకు ఎన్ని తెలుసు?

ఇప్పుడు ఆ అంకె ఎక్కడనుండి వచ్చిందో చూడండి. బల్బును ఆపకుండా వెలిగించినా 25,000 గంటలు పూర్తికావడానికి రెండేళ్ళ పది నెలలు పడుతుంది. అన్నాళ్ళు ఆగి ఎవరూ బల్బు అమ్మరు. పరీక్షశాలలో, ఇంచుమించు 25 డిగ్రీల చల్లని గదిలో, చెప్పిన ఆయుష్షులో నాలుగవ వంతు, ఎక్కువలో ఎక్కువ 6,000 గంటలు వెలిగించి చూస్తారు. వెలుగు ఎంత తగ్గిందో కొలిచి, మిగిలినది అంచనా కడతారు. మరొక సంగతి. ఆయుష్షు తీరిందనడానికి బల్బు ఆరిపోనక్కరలేదు. మొదటి వెలుగులో నూటికి డెబ్బై వంతులకు దిగితే చాలు, తీరినట్టే లెక్క. ఇంకొకటి వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఆ గడువు వచ్చేసరికి వంద బల్బులలో యాభై చెడిపోయినా ఆ అంకె తప్పు కాదు. అది గుంపు మొత్తానికి చెప్పిన సగటు మాట. మీ చేతిలో ఉన్న ఒక్క బల్బు గురించి చేసిన ప్రమాణము కాదు.

మరి ప్రమాణము ఎక్కడుంది? అదే పెట్టె మీద, చిన్న అక్షరాలలో ఉంటుంది: వారంటీ. రెండేళ్ళ వారంటీ అనుకోండి. రోజుకు ఐదు గంటల చొప్పున 3,650 గంటలు. అంటే పెద్ద అక్షరాలతో 25,000 అని చెప్పిన నోరు, తన జేబులోనుండి తీసి కట్టవలసి వచ్చేసరికి 3,650 దగ్గర ఆగింది. దీనిని నేను మోసము అనను. అయితే బల్బు కొనేటప్పుడు చదవవలసినది రెండవ అంకె అని మాత్రము గట్టిగా చెబుతాను.

ఇక బల్బు ఎందుకు పోతుంది? 2014లో భౌతికశాస్త్రములో నోబెల్ బహుమతి అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి ఇచ్చారు. నీలి కాంతినిచ్చే ఎల్ఈడీని కనిపెట్టినందుకు ఇచ్చారు. ఆ నీలి వెలుగు మీద పసుపు పూత వేస్తే మనకు తెల్లని వెలుగు వస్తుంది. ఆ చిన్న గింజ నిజముగా మొండిది. మంచిదైతే ఏళ్ళ తరబడి వెలుగుతుంది. కాని అది మన ఇంటి 230 వోల్టుల కరెంటు నేరుగా త్రాగలేదు. బల్బు మెడలో డ్రైవరు అనే చిన్న సర్క్యూటు ఆ కరెంటును మార్చి, దానికి సరిపడా అందిస్తుంది. ఆ డ్రైవరులో చాలా బల్బులకు ఒక కెపాసిటర్ ఉంటుంది. ఫ్యాను నెమ్మదిగా తిరిగితే కండెన్సరు మార్పిస్తామే, దాని చుట్టమన్నమాట. ఇందులో కొంచెము ద్రవము ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆరిపోతుంది. పదిమంది కన్యకల ఉపమానము మీకు తెలుసు. ఐదుగురి దివిటీలు ఆరిపోతుండటానికి కారణము నూనె చాలకపోవడమే కదా! ఇక్కడా వెలిగే గింజ బాగానే ఉంటుంది, దానికి అందించేదే ఎండిపోతుంది.

వేడి గురించి ఒక మోటు లెక్క ఉంది. ఆ కెపాసిటర్ చుట్టూ పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఇరవై పెరిగితే పావు. పరీక్ష గది 25 డిగ్రీలు. మన కైకలూరులో మే నెలలో రేకుల ఇంటి కప్పు క్రింద ఎంతుంటుందో మీకు నేను చెప్పాలా? పైగా మనము బల్బును తలక్రిందులుగా వేలాడదీస్తాము. వేడి పైకి పోతుంది, పైన ఉన్నది డ్రైవరే. దాని మీద అందము కోసము మూసిన గాజు గ్లోబు బిగిస్తే, కుంపటి మీద మూత పెట్టినట్టే. వానాకాలములో కొల్లేటి పురుగులు పడుతున్నాయని బల్బుకు ప్లాస్టిక్ సంచి కట్టేవారిని కూడా చూశాను. పురుగులు తగ్గుతాయేమో గాని బల్బు ఉడికిపోతుంది.

రెండవ శత్రువు కరెంటు. చెరువుల మీద ఏరేటర్లు, మోటార్లు నడిచే లైనులలో వోల్టేజి దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. దిగినదానిని మంచి డ్రైవరు ఓర్చుకుంటుంది. పెరిగినది, పిడుగు పడినప్పుడు ఒక్క క్షణము పొంగినది, లోపల దెబ్బ కొడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్ళకు 230కి బదులు 400 వోల్టుల దాకా వచ్చేస్తుంది. ఒకే రాత్రి వీధిలో నాలుగైదు ఇళ్ళలో బల్బులు, ఫ్యాన్లు పోయాయంటే బల్బు కంపెనీని తిట్టకండి, లైన్‌మన్‌కు కబురు చేయండి. అప్పటిదాకా మెయిన్ కట్టివేయండి.

ఈ బల్బులు మన ప్రాంతానికి ఎలా వచ్చాయో కొందరికి జ్ఞాపకముండే ఉంటుంది. 2014 అక్టోబరులో రాష్ట్రములో మొదట నాలుగు జిల్లాలలో ఇంటింటికి ఎల్ఈడీలు ఇచ్చారు. అందులో పశ్చిమ గోదావరి ఒకటి. అప్పుడు కైకలూరు కృష్ణా జిల్లాలో ఉండేది గనుక కొల్లేటికి ఆవల ఏలూరులో, తాడేపల్లిగూడెములో ఇస్తుంటే మనము ఇవతలనుండి చూశాము. 2022 ఏప్రిల్‌లో గాని మనము ఏలూరు జిల్లా వారము కాలేదు. పాత గుండ్రటి బల్బులు రెండు తిరిగి ఇస్తే, 7 వాట్ల ఎల్ఈడీలు రెండు, ఒక్కొక్కటి పది రూపాయలకు ఇచ్చారు. తరువాత దేశమంతా ఉజాల అనే పేరుతో కోట్ల బల్బులు పంచారు. 2014 ఆరంభములో ప్రభుత్వ సంస్థ ఒక్కొక్క బల్బు రూ.310కి కొన్నది, మూడేళ్ళు తిరగకముందే అది రూ.40 లోపుకు దిగింది. ఉజాల బల్బు మూడేళ్ళలోపు చెడిపోతే ఉచితముగా మార్చి ఇస్తామన్నారు. ఎంతమంది మార్చుకున్నాము? ఆ కాగితము దాచినవారు ఎందరు?

కాబట్టి సహోదరీ, మీ పాత బల్బు మిమ్మును పూర్తిగా ముంచలేదని కూడా చెప్పాలి. 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఆయుష్షు సుమారు 1,000 గంటలు. రోజుకు ఐదు గంటలైతే ఏడు నెలలు దాటదు. దాని బదులు 9 వాట్ల ఎల్ఈడీ రెండేళ్ళే వెలిగినా 186 యూనిట్ల కరెంటు మిగిలినట్టు. మీ బిల్లు తీసి లెక్క చూసుకోండి.

మళ్ళీ కొనేటప్పుడు అన్నిటికంటే ఖరీదైనదే కొనమని నేను చెప్పను. సంతలో పేరూ ఊరూ లేకుండా గుట్టగా పోసి అమ్మేది మాత్రము వద్దు. పెట్టె మీద ఐఎస్ 16102 అనే గుర్తు, ఆర్ అక్షరముతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయా చూడండి. బిల్లు అడగండి, సిగ్గుపడకండి. కొట్టులో అన్న బల్బు మెడ మీద మార్కరుతో నెల, సంవత్సరము వ్రాసి ఇస్తాడు. వ్రాయకపోతే మీరే వ్రాయండి. వారంటీ ఉండగా పోయిన బల్బును చెత్తలో వేయకుండా తిరిగి పట్టుకెళ్ళండి. హోల్డరు వదులై చిటపటమంటుంటే ముందు హోల్డరు మార్పించండి, లేకపోతే కొత్త బల్బూ నిలువదు. ఇంట్లో తమ్ముళ్ళు బల్బు విప్పి నల్లబడిన గింజను తీగతో కలిపి వెలిగిస్తుంటారు. తెలివే, కాని డ్రైవరు లోపల 300 వోల్టులకు పైగా ఉండవచ్చు. చేతి పని నేర్చినవారికి వదలండి.

ఆరిపోని బల్బును కూడా ఒకసారి చూడండి. వెలుగు మెల్లగా తగ్గుతుంది గనుక కన్ను దానికి అలవాటు పడుతుంది. అమ్మ చూపు తగ్గిందని మనమనుకుంటాము. పాత బల్బు ప్రక్కన కొత్తది వెలిగించి చూస్తే తగ్గినది ఏదో తెలుస్తుంది. తగ్గినదానిని వరండాకు మార్చి, మంచిదానిని పుస్తకాల దగ్గర, మెట్ల దగ్గర పెట్టండి.

డిసెంబరులో ఇంటి ముందు కట్టే క్రిస్మస్ స్టార్ సంగతి చాలామంది అడుగుతారు. అది మూసినదే, కాని అప్పుడు రాత్రులు చల్లగా ఉంటాయి, నెల రోజులే గనుక భయము లేదు. 5 లేక 7 వాట్లది చాలు. మంచు తడి హోల్డరులోకి దిగకుండా చూడండి. జనవరిలో స్టార్ మడిచి అటక మీద పెట్టేటప్పుడు బల్బును అందులోనే వదిలేయకండి. మెడ మీద తేదీ చూసి, ఇంకా గడువు ఉంటే వంటింట్లో బిగించండి.