కాపీ వద్దంటే కోపం వద్దు

(వార్షికోత్సవం సందర్భంగా మొరప్పూర్‌లో మా కుటుంబం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఇట్లాంటి సభల్లో నూలు ధర గురించి, కూలి గురించి, పిల్లల చదువు గురించి మాట్లాడుకుంటాము. ఈరోజు మేము మాట్లాడబోయేది కాపీ గురించి. నవ్వుకోకండి. బరువు తగ్గే ఆపరేషన్ అయిన మనిషి ఇంట్లో ఉంటే కాపీ ఎంత పెద్ద సంగతో మా ఇంట్లో రెండేండ్లుగా చూస్తున్నాము. ఆపరేషన్ అయినది మా వదినకు. “చెప్పండి, ఇంకొకరికన్నా పనికొస్తుంది” అని ఆమే అన్నది. ఆ ముందు వరసలోనే కూర్చొని ఉన్నది.

మన ఇండ్లల్లో కాపీ ఎట్లాంటిదో మీకు చెప్పనక్కరలేదు. లేవగానే ఒకటి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టే ముందు ఒకటి. ఆకలైతే కాపీ, నిద్రొస్తే కాపీ, పోగులు తెగి విసుగొస్తే కాపీ. బేరానికి వచ్చినవాళ్ళకు కాపీ, పెండ్లి పిలుపుకు వచ్చినవాళ్ళకు కాపీ. వదిన రోజుకు ఆరు గ్లాసులు తాగేది. గ్లాసుకు రెండు స్పూన్ల చక్కెర అంటే పన్నెండు స్పూన్లు, దగ్గర దగ్గర 50 గ్రాములు. డాక్టరు అడిగేదాకా మేమెవ్వరమూ ఆ లెక్క వేయలేదు. చీరకు ఎంత నూలు పడుతుందో లెక్క తెలిసిన ఇంట్లో ఇది తెలియలేదు.

ఆమెకు చక్కెర జబ్బు, మోకాళ్ళ నొప్పి, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. “పొట్ట తగ్గించుకోవడానికి కోయించుకుందట” అని కొందరు అన్నారు. ఇది అందం కోసం చేసేది కాదండీ. మన ఆసియా వాళ్ళకు తక్కువ బరువులోనే చక్కెర జబ్బు వచ్చేస్తుందని, బీఎంఐ 27.5 దాటిన వాళ్ళకు కూడా ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు చెప్పినాయి. అందరికీ ఇది కావాలని కాదు. కావలసిన వాళ్ళను వెక్కిరించవద్దని మాత్రమే మా మనవి.

ఈ ఆపరేషన్లలో రెండు రకాలు ఎక్కువగా చేస్తారు. ఒకదానిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైగా కోసి తీసేసి, అరటికాయలాగా సన్నగా మిగులుస్తారు. దాన్ని స్లీవ్ అంటారు. రెండోది బైపాస్. జీర్ణాశయం పైభాగంలో కోడిగుడ్డంత చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా పేగుకు కలుపుతారు. వదినకు చేసింది బైపాస్. ఆ సంచిలో పట్టేది 30 మిల్లీలీటర్ల దాకా. మన కాపీ గ్లాసు 150 మిల్లీలీటర్లు. ఇక్కడే మొదలైంది మా ఇంటి గొడవ.

సేలంలోని ఆసుపత్రిలో మొదటి నెల కాపీ వద్దన్నారు. కొందరు డాక్టర్లు ఇంకా ఎక్కువ రోజులు ఆపమంటారు. ఎవరికి ఆపరేషన్ చేసిన డాక్టరు మాట వాళ్ళకు చట్టం. కుట్లు మానే రోజుల్లో పుల్లటిది, ఘాటైనది పడకూడదు. పైగా రోజుకు ఒకటిన్నర లీటరు నీళ్ళు, 60 గ్రాములకు తగ్గకుండా ప్రోటీను ఆ చిన్న సంచి గుండానే పోవాలి. గుక్క గుక్కగా తాగితే పొద్దంతా పడుతుంది. ఆ చోటును కాపీ ఆక్రమిస్తే నీళ్ళకు, తిండికి చోటుండదు. ఆకలిని చంపడానికే కాపీ తాగే అలవాటు మనది. అసలే ఆకలి తగ్గిన మనిషికి అది ఇంకా ముప్పు.

మేము చేసిన మొదటి తప్పు, ఆపరేషన్ ముందురోజు దాకా ఆమెకు ఆరు గ్లాసులూ పోయడం. “రేపటినుంచి ఎట్లాగూ ఉండదు కదా” అని పాపం అనుకున్నాము. ఒక్కసారిగా ఆపేసరికి రెండో రోజుకే తల పగిలిపోయే నొప్పి. కాపీ అలవాటు ఉన్నవాళ్ళకు అది మామూలే, వారం దాకా ఉండవచ్చునట. రెండు మూడు వారాల ముందునుంచే రోజుకు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వస్తే ఇంత బాధ ఉండదు. ఇంటికి వచ్చినాక కూడా ఆ నొప్పి పోలేదు. మా అన్న అంగడికి పోయి నొప్పి మాత్ర తెచ్చినాడు. నడుము నొప్పికి, భుజం నొప్పికి మనం రోజూ మింగే మాత్రే అది. మంచికాలం, వేసుకునే ముందు వదిన ఆసుపత్రికి ఫోను చేసింది. బైపాస్ అయినవాళ్ళు ఆ రకం నొప్పి మాత్రలు వేసుకుంటే కలిపిన చోట పుండు పడుతుందన్నారు. బీడీ, సిగరెట్టు, పొగాకు కూడా అంతే. పుండుకు పెద్ద కారణాలు ఇవి. కాపీ మీద అంత గట్టి రుజువు లేకపోయినా, మంటను పెంచుతుంది. అందుకే, అన్నల్లారా, ఖాళీ కడుపులో కాపీతో నొప్పి మాత్ర మింగి మగ్గం ఎక్కే అలవాటు ఆపరేషన్ లేనివాళ్ళకూ మంచిది కాదు.

రెండో తప్పు మా ఒక్క ఇంటిది కాదు, మనందరిదీ. ఆపరేషన్ అయిన మూడో నెలలో దగ్గర బంధువుల ఇంట్లో నిశ్చితార్థం. వదిన వద్దు వద్దంటున్నా, “మా ఇంటి కాపీ తాగవా? అంత పెద్దదానివి అయిపోయినావా?” అని ఒక పెద్దమ్మ చేతిలో పెట్టింది. ప్రేమతోనే. పక్కనున్న మేము కూడా “ఒక్క గ్లాసే కదా వదినా, తాగేయి” అన్నాము. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని గుచ్చుతుంది. పావు గంటలో ఆమెకు చెమటలు పట్టినాయి, గుండె దడదడ, కడుపులో మెలిపెట్టడం, కళ్ళు తిరగడం. గుండెపోటు అనుకొని కారు కోసం పరుగెత్తినాము. అది డంపింగ్ అట. తియ్యటిది చిన్న సంచిలో నిలవకుండా ఒక్క ఉదుటున పేగులోకి దిగిపోతే ఇట్లా అవుతుంది. కొందరికి రెండు మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి వణుకు వస్తుంది. తప్పు కాపీది కాదు, అందులోని చక్కెరది, మా తొందరది.

మూడోది మెల్లగా తెలిసింది. ఆరో నెల పరీక్షలో రక్తం తగ్గింది. బైపాస్ అయితే ఇనుము ఒంటికి పట్టేదే తక్కువ. అందుకే జీవితాంతం మాత్రలు. మన తమిళనాడులో ఆపరేషన్ మాట లేకుండానే సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువని కేంద్ర ప్రభుత్వ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తున్నది. ఇక వదినేమో నెల దాటినాక డాక్టరు ఒప్పుకున్న ఆ కాస్త కాపీతోనే ఇనుము మాత్ర మింగేది! 1983లో అచ్చయిన ఒక పరిశోధనలో, భోజనంతో కాపీ తాగితే ఇనుము పట్టడం 39 శాతం తగ్గింది. గంట ముందు తాగితే తగ్గలేదు. తిన్న గంట తరువాత తాగినా, భోజనంతో తాగినంత నష్టమే కలిగింది. మన వాడుకేమో భోజనం అయిన వెంటనే కాపీ.

ఇప్పుడు మా ఇంట్లో వదిన కాపీ మానేయలేదు. డాక్టరు ఒప్పుకున్నట్టు రోజుకు ఒకసారి, చిన్న గ్లాసులో సగం, చక్కెర లేకుండా, పలచగా, అర గంట పాటు చప్పరించి తాగుతుంది. తిండికి అర గంట ముందు గానీ తరువాత గానీ ఏ ద్రవమూ తాగదు. ఇనుము మాత్రకు, కాపీకి నడుమ రెండు గంటలు. మాత్ర, కాపీ, భోజనం వేళలు ఒక అట్ట మీద రాసి మగ్గం పక్క గోడకు కట్టినాము. పక్కనే నీళ్ళ సీసా. ఫ్లోరైడు నీళ్ళతో పండ్లు పాడైన జిల్లా మనది. 2013 నుంచి హొగేనక్కల్ పథకం కావేరి నీళ్ళు తెస్తున్నది. ఆ నీళ్ళను ఇంటికొచ్చిన వాళ్ళకు ముందు ఇవ్వడం మేము మొదలుపెట్టినాము. ఆ తరువాతే “కాపీ పెట్టమంటారా?” అని అడుగుతాము.

ఆ అడగడమే మా విన్నపం. ఒకరు వద్దంటే అది అవమానం అనుకోకండి. కారణం అడగకండి, నలుగురిలో ఆపరేషన్ సంగతి లాగకండి. ఆపరేషన్ చేసేది డాక్టరే, తరువాత ముప్పై ఏండ్లు దాన్ని కాపాడవలసింది ఇల్లు, బంధువులు. వదిన ఇప్పుడు మగ్గం గుంటలోకి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతుంది. నాడె చప్పుడు మళ్ళీ పొద్దునే వినిపిస్తున్నది. ఆ చప్పుడు ఒక గ్లాసు కాపీ మర్యాదకంటే మాకు ఎక్కువ.

నిశ్చితార్థంలో కాపీ ఇచ్చిన ఆ పెద్దమ్మ పోయిన నెల మా ఇంటికి వచ్చింది. వదినకోసం చక్కెర లేని మజ్జిగ చెంబుతో తెచ్చింది. దానికంటే పెద్ద మర్యాద మన కులంలో మేము చూడలేదు.