బిల్లు కావాలా అమ్మా?

మా రావివలసలో ఎండల మల్లికార్జునస్వామికి నెత్తిన కప్పు లేదు, అంతా బయలే. జీడిపప్పు బేరం మాత్రం అన్నిచోట్లా అంత బయలు కాదు. కిలో తూచి, “బిల్లు కావాలా అమ్మా? వద్దంటే కాస్త తగ్గిస్తాను” అంటాడు. మనమూ సరేనంటాం. ఇదే జీరో వ్యాపారం. జీడిపప్పు మీద జి.ఎస్.టి. నూటికి 5 రూపాయలు. అది ఎగ్గొట్టడంలో మనమూ ఓ చెయ్యి వేస్తున్నామన్నమాట. సరుకు కదలకుండానే దొంగ బిల్లులు రాసి, కట్టని పన్నుకి రాయితీ లాగేవాళ్లు మరీ పెద్ద ఘనులు. వాళ్లని వదలకూడదు.

అయితే బకాయి పడ్డవాళ్లంతా దొంగలేనా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడితోటల్ని, కొబ్బరిచెట్లని నేలకూల్చింది. అలాంటి దెబ్బ తిన్నవాళ్లు గడువుకి కట్టలేకపోతే? 2017-18 నుంచి మూడేళ్ల బకాయిల్లో అసలు పన్ను 2025 మార్చి 31 లోగా కట్టినవారికి వడ్డీ, జరిమానా మాఫీ చేశారు. మోసం కింద నోటీసులు పడ్డవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. నాకిది సబబుగానే తోచింది.

ఇంకొకటి. కాంపోజిషన్ పద్ధతిలో వున్న చిన్న వర్తకుడు అమ్మకాల మీద నూటికి ఒక రూపాయి కడితే చాలు. కాని మన దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. కనుక బిల్లు అడగండి, అడిగి చదవండి. పన్ను వేసి, జి.ఎస్.టి. నంబరు వెయ్యకపోతే, ఆ డబ్బు ఎవరి ఖాతాకి పోతుందో అక్కడే నిలబడి అడగండి.