రూక్‌వుడ్ మట్టిపాత్రలు

అమెరికాలోని సిన్సినాటి నగరంలో 1880లో మరియా లాంగ్‌వర్త్ నికల్స్ రూక్‌వుడ్ పాటరీని స్థాపించారు. ఒక మహిళ నెలకొల్పిన ఈ సంస్థ తొమ్మిదేళ్లకే, 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బంగారు పతకం గెలుచుకుంది. జపాన్ నుంచి వచ్చిన కతారో షిరయమదాని వంటి చిత్రకారులు కూజాలపై పూలు, పక్షులు చిత్రించేవారు. పైన గాజులా మెరిసే పూత పూసి బట్టీలో కాల్చేవారు.

ఈ పాత్రల వయసు అడుగునున్న ముద్రే చెబుతుంది. తిరగేసిన ఆర్ అక్షరాన్ని పీ అక్షరానికి ఆనించిన గుర్తు 1886లో వచ్చింది. మరుసటి ఏడాది నుంచి దానిచుట్టూ ఏటా ఒక్కో మంట చేర్చారు; 1900 నాటికి అవి 14 అయ్యాయి. 1901 నుంచి కింద రోమన్ అంకె వేశారు. అందుకే సేకర్తలు ముందుగా పాత్రను బోర్లించి చూస్తారు.

ఆర్థిక మాంద్యం దెబ్బకు 1941లో సంస్థ దివాలా తీసింది. చేతులు మారుతూ 1967లో మూతపడింది. ఈ శతాబ్దంలో సిన్సినాటిలోనే మళ్లీ తయారీ మొదలైంది.