పొదుపు ఒక్కటే పూడ్చలేని గుంత
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలి ప్రసంగం)



ఈరోజు మీకు ఒక అక్క గురించి చెప్పాలి. పేరు మ్యాగీ వాకర్. అమెరికాలో రిచ్‌మండ్ పట్నంలో పుట్టిన నల్లజాతి మనిషి. వాళ్లమ్మ ఊరివాళ్ల బట్టలుతికి పిల్లల్ని సాకింది. ఆ మ్యాగీ 1903లో బ్యాంకు పెట్టింది. దాని పేరు సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్. పెన్నీ అంటే వాళ్ల పైసా. కూలికి పోయే ఆడవాళ్లు పైసా పైసా దాచారు. ఆ డబ్బుతో వందల కుటుంబాలు ఇళ్లు కొనుక్కున్నాయి. మనం రోజుకో రూపాయితో మొదలుపెట్టినట్టే కదా!

ఇదేమీ తేలిగ్గా జరగలేదు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసమని 1865లో పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు 1874లో మూతపడింది. 60 వేల మందికి పైగా పొదుపు అందులో ఇరుక్కుపోయింది. ఆ దెబ్బ తిన్న జనం చేత మళ్లీ పొదుపు చేయించింది మ్యాగీ.

మరి ఇంత దాచినా తేడా ఎందుకు పోలేదు? 1930లలో అక్కడి ప్రభుత్వ సంస్థ పట్నాలకు మ్యాపులు గీయించి నల్లవాళ్ల పేటలకు ఎర్రరంగు వేసింది. ఎరుపంటే అక్కడ అప్పు ఇస్తే నష్టమని గుర్తు. మ్యాగీ ఉన్న జాక్సన్ వార్డుకూ ఎరుపే పడింది. 1950లలో ఆ పేట మధ్య నుంచే పెద్ద రోడ్డు వేశారు, ఇళ్లు పోయాయి. ఇల్లు పోతే పిల్లలకు మిగిలేదేముంది? 2022 లెక్కల్లో, కుటుంబాలను ఆస్తి ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే తెల్ల కుటుంబానికి 2,85,000 డాలర్లు ఉంటే, నల్ల కుటుంబానికి 45,000 కూడా లేవు.

షికాగో పక్కన ఎవన్‌స్టన్ అనే చిన్న పట్నం ఉంది. చేసిన తప్పుకు డబ్బు పక్కన పెట్టాలని 2019లో తీర్మానించింది. అక్కడ చట్టబద్ధమైన గంజాయి అమ్మకాల పన్ను నుంచి కోటి డాలర్లు. 1919 నుంచి 1969 మధ్య ఆ ఊళ్లో బతికిన నల్లవాళ్లకు, వాళ్ల వారసులకు ఇంటి కోసం 25,000 డాలర్ల చొప్పున ఇవ్వాలని 2021లో ఓటు వేశారు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. వ్యతిరేకించిన ఒకే ఒక్క సభ్యురాలూ నల్లజాతి మహిళే. నష్టపోయినవాళ్ల డబ్బు ఎలా వాడాలో వాళ్లే తేల్చుకోవాలన్నది ఆమె వాదన. తర్వాత నేరుగా నగదు తీసుకునే వీలు కూడా పెట్టారు.

ఇక మన సంగతి. అక్కడ రంగు, ఇక్కడ కులం. రెండూ ఒకటేనని నేననను. కానీ రెండేళ్ల కింద మా సంఘంలో అప్పుల జాబితా రాసింది నేనే. పొలం పాసుబుక్కు ఉన్నవాళ్లకు పెద్ద అప్పు, దళితవాడ చెల్లెళ్లకు చిన్న అప్పు రాశాను. వాళ్లు ఒక్క కిస్తీ తప్పినవాళ్లు కాదు. ఒక చెల్లెలు లేచి, "మీరెంత పొదుపు కట్టారో మేమూ అంతే కట్టాం కదక్కా" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఎర్రరంగు వెయ్యడానికి మ్యాపే అక్కర్లేదమ్మా, పెన్ను చాలు.

అందుకని సభ ముందు మూడు మాటలు పెడుతున్నాను. మన మిగులులో ఒక భాగం భూమి, ఇంటి స్థలం లేని సభ్యుల కోసం విడిగా పెడదాం. దాన్ని ఎలా వాడాలో వాళ్లే కమిటీగా కూర్చుని చెప్పాలి. వచ్చే నెల సమావేశం వాళ్ల వాడలోనే జరగాలి. ముందు వాళ్లు చెప్పేది విందాం, తర్వాతే పుస్తకం తెరుద్దాం.

మా సంఘం జాబితా మళ్లీ రాయడానికి నేను సిద్ధం. తీర్మానానికి చేతులెత్తమని మిమ్మల్ని కోరుతున్నాను.