నీళ్ల కింద ఊరు, నీళ్ల మీద పేరు: విజయపురి నుంచి నాగార్జునసాగర్ దాకా

ఇవాళ మనం పల్నాడులోనే ఉంటాం. మాచర్ల దాటి, సాగర్ కుడిగట్టు దాకా వెళ్దాం.

ముందు ఒక ప్రశ్న. సాగర్‌లో లాంచీ ఎక్కి సుమారు ముప్పావు గంట ప్రయాణం చేస్తే ఒక ద్వీపం వస్తుంది కదా, దాని పేరేంటి? "నాగార్జునకొండ" అంటారు మీరు. కరెక్టే. మరి 1,700 ఏళ్ల కిందట అక్కడే బతికిన మనిషిని అడిగితే? ఆ మనిషి "నాగార్జునకొండ" అనే మాటే అనడు. "విజయపురి" అంటాడు, లేదా "శ్రీపర్వతం" అంటాడు. 1950ల్లో అక్కడ పొలం దున్నుకునే రైతుని అడిగితే ఇంకేదో చిన్న పల్లె పేరు చెప్తాడు. చోటు అదే. మనుషులు మారారు, పేర్లు మారాయి.

ఒక ఊరి పేరుని ఎవరు పెడతారు? ఊరు పోయాక పేరు ఎక్కడికి పోతుంది? ఇవాళ్టి మాట ఇదే.

అసలు కథలోకి వెళ్లేముందు ఒక చిన్న కిటుకు చెప్తా. తెలుగు ఊరి పేరు వినగానే ముందు దాని తోక చూడండి. పాలెం, గూడెం, పాడు, పల్లి, పేట, పురం... ఆ చివరి ముక్కే ఊరు ఎలా పుట్టిందో సగం చెప్పేస్తుంది. మాచర్ల, రొంపిచర్ల అన్నప్పుడు ఆ "చర్ల"లో చెరువు ఉందంటారు భాష చదివినవాళ్లు. రెంటచింతల అనగానే రెండు చింతచెట్లు కళ్ల ముందుకొస్తాయి. నరసరావుపేటకి వస్తే, "పేట" ఉంది, ముందు ఒక మనిషి పేరు ఉంది. మల్రాజు వంశపు జమీందారు నరసారావు గారి పేరు మీద వెలిసిన పేట అది. అంతకుముందు అక్కడున్న ఊరు అట్లూరు. ఇవాళ బస్టాండ్‌లో నిలబడి "అట్లూరుకి టికెట్ ఇవ్వండి" అంటే కండక్టర్ మనల్ని వింతగా చూస్తాడు.

మరి "పల్నాడు" సంగతి? దీనికి రెండు మూడు మాటలు ఉన్నాయి. పల్లెల నాడు అని కొందరు, పాలలాంటి తెల్ల రాయి దొరికే నాడు అని కొందరు, పల్లవనాడు అని ఇంకొందరు అంటారు. మూడోదానికి ఒక బలం ఉంది. మన పల్నాడులోని మంచికల్లులో సింహవర్మ అనే పల్లవ రాజు ప్రాకృత శాసనం దొరికింది. పల్లవుల శాసనాల్లో బాగా పాతవాటిలో అదొకటి. కంచి పల్లవులు అనగానే మనకి తమిళదేశమే గుర్తొస్తుంది కానీ, వాళ్ల తొలి అడుగుల్లో ఒకటి మన మంచికల్లు రాయి మీద ఉంది. అయినా శాసనం దొరికినంత మాత్రాన పేరు దానివల్లే వచ్చిందని తీర్పు చెప్పకూడదు. పేర్ల విషయంలో తొందరపడితే కథ అల్లడమే అవుతుంది.

సరే, ఇప్పుడు కొండ దగ్గరికి వద్దాం.

1926. అప్పటికి మనది మద్రాసు ప్రెసిడెన్సీ. కృష్ణ ఒడ్డున, నల్లమల కొండల మధ్య ఒక లోయ. రోడ్డు లేదు, అంతా అడవి. అక్కడ సురపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు గారికి ఒక పాత రాతిస్తంభం కనబడింది. ఆయన దాన్ని చూసి ఊరుకోలేదు, ప్రభుత్వానికి తెలియజేశారు. దాంతో శాసనాల శాఖలో తెలుగు అసిస్టెంట్‌గా పనిచేసే సరస్వతి గారు వచ్చి చూశారు. ఆ చుట్టుపక్కల పల్లె పుల్లారెడ్డిగూడెం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ అనే బ్రిటిష్ అధికారి అక్కడ తవ్వకాలు జరిపారు. తర్వాత 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్లీ మొదలుపెట్టారు. మట్టి తీస్తుంటే ఒక నగరం బయటపడింది. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు, గుళ్లు, చుట్టూ మెట్లున్న క్రీడారంగం. మూడో శతాబ్దంలో సుమారు వందేళ్లు ఇక్కడి నుంచి ఏలిన ఇక్ష్వాకుల రాజధాని అది. దాని పేరు ఏంటో రాళ్లే చెప్పాయి: విజయపురి. విజయానికి ఇల్లైన పురం అన్నమాట.

ఈ రాజుల పేర్లు చూడండి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. అంటే వాసిష్ఠి కొడుకు, మాఠరి కొడుకు. పేరులో ముందు వచ్చేది అమ్మ! శాతవాహనుల్లో గౌతమీపుత్ర శాతకర్ణి ఉన్నట్టే ఇది. ఇక పెద్ద స్తూపానికి, అంటే మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది ఎవరంటే రాజు కాదు, శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ. అక్కడి బౌద్ధ కట్టడాల శాసనాల్లో ఎక్కువగా కనబడేది ఆడవాళ్ల పేర్లే.

వాళ్లలో ఒకరి గురించి తప్పకుండా చెప్పాలి. ఆమె రాణి కాదు, బోధిశ్రీ అనే ఉపాసిక. శ్రీపర్వతం మీద, విజయపురికి తూర్పున, చుళధమ్మగిరి అనే చోట చైత్యగృహం కట్టించి దాన్ని సింహళ థేరులకి, అంటే శ్రీలంక బౌద్ధ గురువులకి అంకితం ఇచ్చింది. ఆ శాసనంలో వాళ్లు ధర్మం చాటిన దేశాల జాబితా ఉంది: కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, దమిళ, తామ్రపర్ణి... మాచర్ల పక్కన లోయలో ఒక రాయి మీద చైనా పేరు ఉందని ఊహించగలరా!

అదే శాసనంలో ఇంకో పేరుంది, కంటకశోల. అది కృష్ణా జిల్లా ఘంటసాల. అప్పట్లో సముద్ర వర్తకానికి పేరుమోసిన ఊరు. గ్రీకు భూగోళకారుడు టాలెమీ కూడా దాన్ని తన పుస్తకంలో రాసుకున్నాడు. అంటే ఈ లోయ ఒంటరిది కాదు. సముద్రానికి, లోయకి నడుమ కృష్ణమ్మ దారి వేసింది. రోమ్ బంగారు నాణేలు ఇక్కడ దొరకడం అందుకే పెద్ద వింత కాదు.

ఇంతకీ ఈ రాళ్ల మీద లేని పేరేంటో తెలుసా? నాగార్జునుడు.

నిజం. ఆచార్య నాగార్జునుడి పేరు ఆ లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో కనబడదు. ఆయన ఇక్ష్వాకుల కంటే ముందు, శాతవాహనుల కాలపువాడని చెప్తారు. చివరి రోజులు శ్రీపర్వతం మీద గడిపాడని టిబెట్ సంప్రదాయం అంటుంది. ఆయన కోసం ఒక శాతవాహన రాజు కొండని తొలిపించి విహారం కట్టించాడని చైనా యాత్రికుడు హ్యూయాన్ త్సాంగ్ రాశాడు. అయితే ఆ రోజుల్లో శ్రీపర్వతం అంటే ఒక్క కొండ కాకుండా నల్లమల వరుసంతా అని చాలామంది పండితుల మాట. ఇక్ష్వాకులు పోయి, విజయపురి మట్టిలో కలిసిపోయి, ఆ కొండ మీద కోట కూడా వెలిసింది. జనం నోట్లో ఆ కొండ నాగార్జునకొండగా మిగిలింది.

ఇందులో తప్పొప్పుల మాట లేదు. రాతి మీద పేరు రాజుల కాలం చెప్తుంది. నోటి మీద పేరు జనం దేన్ని గుర్తుంచుకోవాలనుకున్నారో చెప్తుంది. రెండూ చరిత్రే. కాకపోతే ఒకదాన్ని చూపించి ఇంకోదానికి సాక్ష్యం అనకూడదు, అంతే.

ఇక మూడో అంకం, నీళ్లు.

ఇప్పుడు నాగార్జునసాగర్ అంటున్న ప్రాజెక్టుని మొదట్లో నందికొండ ప్రాజెక్టు అనేవాళ్లు. నందికొండ అనేది నల్గొండ వైపు ఊరు. ఆ ప్రాజెక్టు కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గట్టిగా పోరాడారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు. నందికొండ పేరు వెనక్కి వెళ్లి నాగార్జునుడి పేరు ముందుకొచ్చింది. కొండ పేరు కాస్తా "సాగరం" అయింది. సముద్రం లేని పల్నాడుకి పేరులోనైనా ఒక సముద్రం వచ్చింది.

ఆ నీళ్లు మనకేం చేశాయో నేను చెప్పక్కర్లేదు. పల్నాడులో జొన్నకూడు తప్ప వరి అన్నం దొరకదని వెక్కిరించే చాటువులు శ్రీనాథుడి పేరు మీద ఉన్నాయి. అలాంటి నేల మీద కుడికాలవ కింద వరి పండింది, మిర్చి పండింది. మనలో చాలామంది చదువుల ఫీజులు ఆ కాలవ నీళ్లే కట్టాయి. కాబట్టి డ్యామ్‌ని తిట్టడానికి ఈ ఎపిసోడ్ పెట్టలేదు.

కానీ ఆ లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ రాత్రింబవళ్లు పడినట్టు తవ్వింది. ముఖ్యమైన కట్టడాల్ని ఇటుక ఇటుకగా కొండ మీదికి తరలించి మళ్లీ కట్టారు. కొన్నింటి నమూనాలు ఒడ్డున అనుపులో కట్టారు. క్రీడారంగం మీరు అక్కడే చూసుంటారు. ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ కోసం అబూ సింబెల్ గుళ్లని కోసి పైకి జరిపారని రీల్స్‌లో చూసి ఆశ్చర్యపోతాం కదా, అలాంటి పని మన మాచర్ల పక్కనే, అంతకంటే కాస్త ముందే మొదలైంది.

"విజయపురి" అన్న పేరు కూడా పైకొచ్చింది. డ్యామ్ పనివాళ్ల కోసం కట్టిన కాలనీలకి ఆ పేరే పెట్టారు. మన వైపుది విజయపురి సౌత్, అవతల గట్టున విజయపురి నార్త్. 1,700 ఏళ్ల పేరు ఇవాళ బస్సు బోర్డు మీద ఉంది. రాజుల పేరు బతికిపోయింది.

మరి పుల్లారెడ్డిగూడెం?

నేను ముంపు ఊళ్ల నుంచి వచ్చిన ఒక తాతని అడిగా, "తాతా, మీ సొంతూరేది?" అని. ఆయన నవ్వి, "ఏ ఊరు నాయనా, నీళ్ల పైనదా, నీళ్ల కిందదా?" అన్నాడు. తర్వాత వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఫలానా రాయి దగ్గర మా చేను, ఫలానా వాగు రేవులో గొడ్లు కడిగేవాళ్లం, ఫలానా చెట్టు కింద పంచాయితీ. ఒక్కో చోటుకి ఒక్కో పేరు. అన్నీ గబగబా చెప్పాడు, ఎప్పట్నుంచో ఎవరైనా అడిగితే బాగుండని ఉన్నట్టు. పక్కనే కూర్చున్న మనవడు ఫోన్ దించి, "ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేంటి తాతా?" అన్నాడు. "నువ్వు అడిగితే కదరా" అన్నాడు తాత.

నాకు అప్పుడు అర్థమైంది. రాజు పేరుకి రాయి ఉంది, తవ్వడానికి శాఖ ఉంది, పెట్టడానికి మ్యూజియం ఉంది. చేను పేరుకి, రేవు పేరుకి తాత గొంతు తప్ప ఏమీ లేదు. నీళ్లొస్తే రాయిని లారీ ఎక్కించొచ్చు. చేను పేరుని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి, అంతే.

ఇది ముంపు ఊళ్లకే అనుకోకండి. మునగని ఊళ్లలో కూడా అదే జరుగుతోంది. చెరువు పూడ్చి ప్లాట్లు వేస్తారు, వెంచర్‌కి ఏదో "గార్డెన్స్" అని బోర్డు పెడతారు. పదేళ్లలో చెరువు పేరు పోతుంది. పదిహేనో ఏట వాన గట్టిగా పడినప్పుడు ఇళ్లల్లోకి నీళ్లెందుకొచ్చాయో ఎవరికీ తెలియదు. పాత పేరు బతికుంటే "ఇది చెరువురా" అని అదే చెప్పేది.

అందుకే మీకో పని. రెండొందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ అనే ఆయన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి తెలుగువాళ్లతో ఊరూరా తిరిగించి, ఊరి కథలు రాయించాడు. వాటినే కైఫియత్తులు అంటారు. గుంటూరు జిల్లా కైఫియత్తులు పుస్తకాలుగా వచ్చాయి, మీ ఊరుందేమో వెతకండి. ఆ రోజుల్లో తాటాకు, కాగితం, కలం పట్టుకుని నడుచుకుంటూ తిరిగారు. మన జేబులో వాయిస్ రికార్డర్ ఉంది, మ్యాప్ ఉంది, కెమెరా ఉంది.

ఈ ఆదివారం తాతనో అమ్మమ్మనో కూర్చోబెట్టి మూడే ప్రశ్నలు అడగండి. మన ఊరికి ఈ పేరు ఎందుకొచ్చింది? మన చేలకి, చెరువులకి, దారులకి పేర్లేంటి? ఇంతకుముందు ఉండి ఇప్పుడు లేని పల్లె ఏదైనా ఉందా? చెప్పింది చెప్పినట్టు రికార్డ్ చేయండి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచండి, మీరు తీర్పు చెప్పొద్దు. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అనేది మాత్రం తప్పక రాసుకోండి.

1926లో ఒక బడిపంతులు గారు రాయిని చూసి "ఏదో రాయిలే" అని వెళ్లిపోయి ఉంటే, సుమారు నలభై ఏళ్లకి నీళ్లొచ్చేవి, విజయపురి అనే పేరు ఈ లోయలో మనకి ఎప్పటికీ తెలిసేది కాదు. ఆయన ఆగారు, చూశారు, ఒకరికి చెప్పారు.

వచ్చే ఎపిసోడ్‌లో గురజాల, కారెంపూడి వైపు వెళ్దాం. అప్పటికి మీ ఊరి చేల పేర్లు ఓ పదైనా సంపాదించి ఉంచండి.