అద్దె ఎవరి చేతికి, ఇల్లు ఎవరి పేరున?

(అంతర్వేదిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అద్దె ఇళ్ళ సంగతి ఎత్తితే మన సభల్లో అద్దెకుండేవాళ్ళ కష్టాలే మాట్లాడుకుంటాం. ఒంటరి ఆడదంటే ఇల్లివ్వరు, కులం అడగందే గది చూపించరు. ఇవన్నీ నిజాలే, వాటి దగ్గరకు మళ్ళీ వస్తాను. ఇవాళ మాత్రం ఇంటి ఓనరు గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఎంచేతంటే రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఆ ఓనరు చాలాసార్లు ఆడమనిషి. కువైట్‌లోనో మస్కట్‌లోనో పరాయి ఇంట్లో వంటచేసి, వాళ్ళ పిల్లల్ని పెంచి, పంపిన డబ్బుతో లేచిన రెండు పోర్షన్ల డాబా ఆమెది. నిజంగా ఆమెదేనా? దస్తావేజు తీసి చూడాలి.

డబ్బు అన్నగారి ఖాతాకు వస్తుంది. స్థలం చూసేది ఆయనే, రిజిస్ట్రేషన్‌కి వెళ్ళేది ఆయనే. "నువ్వక్కడుంటే సంతకానికి ఎలా వస్తావమ్మా, నా పేరున ఉంటే ఏం?" అంటాడు. మోసం చెయ్యాలనే అంటాడని నేననను. ఎక్కువమంది మంచివాళ్ళే. కానీ మంచివాళ్ళకీ అప్పులవుతాయి, మంచివాళ్ళూ పోతారు. ఆయన పోయిన మర్నాటినుంచి కాగితం ప్రకారం ఆ ఇల్లు ఆయన భార్యాపిల్లలది. పదిహేనేళ్ళు అంట్లు తోమిన మనిషి వదినగారి దయమీద ఓ గదిలో ఉండాల్సి వస్తుంది.

కోర్టుకెళ్తానంటుంది. అక్కడే చట్టం అడ్డం తిరుగుతుంది. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే అది బినామీ. 1988లో వచ్చిన బినామీ చట్టం, అసలు సొమ్ము నాదేనంటూ ఆ ఆస్తికోసం దావా వెయ్యడానికి వీల్లేదంది. 2016లో దాన్ని సవరించి ఇంకా గట్టి చేశారు. భర్త పేరునో, భార్య పేరునో, పిల్లల పేరునో లెక్కకు వచ్చే సొంత సొమ్ముతో కొంటే అది బినామీ కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రుల విషయానికొస్తే, కాగితంలో ఇద్దరి పేర్లూ ఉమ్మడి హక్కుదారులుగా ఉంటేనే ఆ మినహాయింపు. అన్న పేరు ఒక్కటే ఉంటే లేదు. నల్లధనం దాచుకునేవాళ్ళకోసం పెట్టిన నిబంధన చివరికి గల్ఫ్ పనిమనిషి మెడకు చుట్టుకుంటోంది. ఇది చట్టం చేసినవాళ్ళకు తట్టిందో లేదో!

అంచేత మన దగ్గరకొచ్చే ప్రతి కుటుంబానికీ ముందే చెప్పాల్సిన మాట ఒకటే. దస్తావేజులో ఆమె పేరుండాలి. కనీసం జాయింటుగానైనా. దానికి ఆమె విమానమెక్కి రానక్కర్లేదు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో "ఫలానా స్థలం నా పేరున కొనడానికి మాత్రమే" అని పవర్ ఆఫ్ అటార్నీ రాసి, సంతకం ధ్రువీకరింపజేసి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. అన్ని అధికారాలూ కట్టబెట్టే జనరల్ పవర్ వద్దు. ఇంకోమాట, జనరల్ పవర్ మీద ఇల్లు "అమ్మేశాం, కొనేశాం" అంటే చెల్లదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అలా కొన్నవాళ్ళుంటే ఇప్పుడైనా రిజిస్టరు దస్తావేజు అడగండి. ఇంటిపన్ను రసీదు మీద పేరుంది కదా అని ధీమాగా ఉండకండి, అది హక్కు పత్రం కాదు. డబ్బు కూడా అన్న ఖాతాకు కాకుండా ఆమె సొంత ఎన్.ఆర్.ఇ. ఖాతాకు పంపుకుంటే, రేపు ఎవరి సొమ్మని అడిగితే చూపించడానికి ఉంటుంది.

కొనేముందు ఈసీ తీయించడం అందరికీ తెలుసు. 22-ఏ జాబితా చూడడం తెలీదు. దేవస్థానం భూములు, ప్రభుత్వ భూములు రిజిస్టరు చెయ్యకూడదని పెట్టిన జాబితా అది. గుడి ఉన్న ఊళ్ళో ఇది మరీ ముఖ్యం.

తండ్రి ఇంటి సంగతి వేరు. మన రాష్ట్రం 1985 నుంచే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు హక్కిచ్చింది. కాని అప్పటికి పెళ్ళికాని పిల్లలకే. 2005లో కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. కుటుంబం ఉంటున్న ఇల్లు పంచమని కూతురు అడక్కూడదన్న పాత నిబంధననూ అప్పుడే తీసేశారు. అన్న ఆ ఇంటిని అద్దెకిచ్చి నెలనెలా వసూలు చేసుకుంటున్నాడంటే, అందులో చెల్లెలి వాటాకి లెక్క చెప్పాలి. ఇల్లు అడగడానికి మొగమాటపడే ఆడపిల్ల అద్దె లెక్కతో మొదలుపెట్టొచ్చు.

ఇక అద్దెకివ్వడం. ఒప్పందం ఎవరి పేరున రాస్తే అద్దెదారుకి వాళ్ళే యజమాని. అన్న పేరున రాస్తే రేపు ఆమె వెళ్ళి ఖాళీ చెయ్యమంటే "మీరెవరు?" అంటాడు. రసీదు కూడా ఆమె పేరునే ఇవ్వాలి. పదకొండు నెలలకే రాస్తే రిజిస్ట్రేషన్ తప్పుతుందని చాలామంది అనుకుంటారు, కానీ మన రాష్ట్రంలో ఏడాదిలోపు అద్దె ఒప్పందాన్ని కూడా 1908 చట్టం ప్రకారం రిజిస్టరు చెయ్యాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టాన్ని మునిసిపాలిటీలకోసం చేశారు, మనలాంటి పంచాయతీలకు అది రాలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా లేకపోతే నెలవారీ అద్దెదారుకి 15 రోజుల నోటీసు రాతలో ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టే దారి. కరెంటు పీకెయ్యడం, సామాను వీధిలో పెట్టడం కుదరదు. అలా చేస్తే ఆరు నెలల్లోగా దావా వేసి అతను మళ్ళీ లోపలికి రావచ్చు.

పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుందన్న భయం మనవాళ్ళలో బాగా ఉంది. అద్దెదారుగా వచ్చి అద్దెదారుగానే ఉన్నవాడికి ఆ హక్కు రాదు. ఆ భయంతో ఇళ్ళు తాళాలేసి ఉంచేస్తున్నారు. ఉప్పుగాలికి ఇనుప చువ్వ తుప్పుపట్టి శ్లాబు పెచ్చులూడుతోంది. అద్దెల మీద పెద్ద లాభం ఉంటుందనీ అనుకోకండి. హైదరాబాదులోనే ఇంటి ధరలో ఏడాదికి మూడు శాతం అటూ ఇటూ. మరమ్మతులు పోగా మిగిలేది ముసలితనంలో మందులకీ బియ్యానికీ. ఆమెకు పెన్షనంటే అదే.

స్వామి కల్యాణం రోజుల్లో, భీష్మ ఏకాదశి రథానికి యాత్రికులకు గదులిస్తుంటాం కదా. నాలుగురోజులు ఉండిపోయేవాళ్ళు అద్దెదార్లు కారు, అనుమతి మీద ఉన్నవాళ్ళు. భయపడాల్సిందేం లేదు. పేరు, ఊరు, ఆధార్ నకలు ఒక పుస్తకంలో రాసుకోండి చాలు.

మొదట వదిలేసిన మాట. ఇల్లు మన పేరున వచ్చాక మనమూ కులం అడిగి, మొగుడేడని అడిగి తలుపేస్తామా? అద్దె సరిగా కడుతుందా, నీళ్ళు పొదుపుగా వాడుతుందా అని అడగండి. అంతకుమించి అడిగే హక్కు మనకి లేదు.

భోజనాలయ్యాక నోటీసు ఎలా రాయాలో కూర్చుని రాద్దాం. దస్తావేజు నకళ్ళు తెచ్చుకున్నవాళ్ళు ముందు వరసలోకి రండి.